ఎవరి పేరు వాళ్ళే

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. కురమోచి నోరు మంచిదేనని ఊరంతా ఎప్పుడో ఒప్పుకుంది. ఆ సముద్రపు ఒడ్డు పట్నంలో చిన్నపిల్లల బడి పంతులుగా తల నెరిసిన మనిషి, ఒక్క పిల్లవాడి మీద అరిచి ఎరగడు, ఒక్క తల్లితో మాట తూలి ఎరగడు. ఆచితూచి మాట్లాడతాడని పేరు. ఆ ఆచడం, తూచడం దేనికో మాత్రం ఎవరికీ తెలియదు.

ఏప్రిల్ నెల, అక్కడ కొత్త చదువుల ఏడాదికి బడి తెరిచిన రెండో వారం. స్టాఫ్‌రూములో ఫోన్ మోగింది. కురమోచి ఎప్పటిలాగే కుర్చీలోంచి లేచి, నీళ్ళ డబ్బా అందుకుని, కిటికీ కింద పూలకుండీల దగ్గరికి వెళ్ళాడు. ఫోన్ ఎత్తినవాళ్ళు ముందు బడి పేరు, ఆ వెంటనే తమ పేరు చెప్పాలి. బడి పేరైతే ఎలాగో గట్టెక్కేస్తాడు. తన పేరు దగ్గరికి వచ్చేసరికి మొదటి అక్షరం మీదే గొంతులో తలుపు పడిపోతుంది. లోపలినుంచి ఎంత తోసినా రాదు. మిగతా మాటలకైతే అడ్డదారులున్నాయి. 'రేపు' రాకపోతే 'తెల్లారాక' అంటాడు, 'ఖరీదు' రాకపోతే 'ఎంతవుతుంది' అంటాడు. ఎదుటివాడికి అది నెమ్మదిలా, పెద్దరికంలా కనిపిస్తుంది. పేరుకి మాత్రం మారు మాట లేదు.

"చాలు మాస్టారూ, ఆపండి. ఆ మొక్క ఇక ఈత నేర్చుకోవాల్సిందే."

వైస్ ప్రిన్సిపాల్ ఒగిహారా ఫోన్ పెట్టేసి అతని వెనక వచ్చి నిలబడింది. మనిషి పొట్టి, గొంతు పొడుగు. బడిలో ఏ కాగితం ఎక్కడుందో ఆమెకు కళ్ళు మూసుకున్నా తెలుసు.

"విద్యా బోర్డు నుంచి ఫోన్. వచ్చే వారం పరిశీలన పాఠానికి వస్తున్నారు. చుట్టుపక్కల బళ్ళ టీచర్లు కూడా వస్తారు. మీ ఐదో తరగతి చూపిద్దామనుకున్నా. ఇంగ్లీషు. పిల్లలు ఎవరిని వాళ్ళు పరిచయం చేసుకునే పాఠం."

"లెక్కలైతే..."

"లెక్కలు చూడ్డానికి వాళ్ళు బస్సెక్కి రారు మాస్టారూ. మన ఇంగ్లీషు టీచరు మారిసెల్-సాన్ దగ్గర మంచి ఆట ఉందట. మీ తరగతి పిల్లలా, అందరూ ఒకే గొంతుతో చదువుతారు, వినడానికే ముచ్చటగా ఉంటుంది. మిమ్మల్ని కాదని ఇంకెవరిని పెట్టను?"

ఒకే గొంతుతో చదవడం. ఆమె మెచ్చుకోలు సరిగ్గా పుండు మీద పడింది. కొత్త తరగతికి వెళ్ళిన మొదటి రోజు కురమోచి బోర్డు మీద తన పేరు రాసి, పిల్లలందరి చేతా చదివిస్తాడు. పదిమందితో గొంతు కలిపితే ఆ తలుపు పడదు. ఎందుకు పడదో అతనికే తెలియదు, కానీ పడదు. అందుకే అతని తరగతిలో ఏ పాఠమైనా అందరూ కలిసి చదవడమే, వాళ్ళ గొంతుల చాటున తనూ చదవడమే. ఇన్నేళ్ళ ఉద్యోగం అలా పిల్లల వెనక దాక్కునే నెట్టుకొచ్చాడు.

మారిసెల్ ఫిలిప్పీన్స్ మనిషి, కానీ ఊళ్ళో టోఫు కొట్టువాళ్ళింటికి కోడలై వచ్చి చాలా కాలమైంది. ఇప్పుడు ఆ ఊరి యాస ఊరివాళ్ళకన్నా బాగా మాట్లాడుతుంది. వారానికి మూడు రోజులు ఇంగ్లీషు చెప్పడానికి బడికొస్తుంది. మధ్యాహ్నం ఆమె ఖాళీ తరగతిలో బల్లలు పక్కకు జరిపి, గుడ్డ బంతి ఒకటి చేతిలో ఎగరేస్తూ ఆట వివరించింది.

"గుంపుకి ఆరుగురు. గుండ్రంగా నిలబడతారు. రెండు చప్పట్లు, బంతి పట్టుకోవాలి, మై నేమ్ ఈజ్ ఫలానా, ఐ లైక్ ఫలానా, మళ్ళీ రెండు చప్పట్లు, పక్కవాళ్ళకి విసరాలి. ఏ గుంపు ముందు చుట్టు తిరిగొస్తే వాళ్ళు గెలిచినట్టు. ముందు మనిద్దరం చేసి చూపించాలి. పట్టుకోండి!"

బంతి వచ్చి అతని గుండెకు తగిలి కింద పడింది.

"పేర్లు... బోర్డు మీద రాసి అందరూ కలిసి చదివితే?" అన్నాడు, బంతి కోసం వంగుతూ.

"అప్పుడు ఆటేముంది మాస్టారూ? ఎవరి పేరు వాళ్ళే చెప్పాలి. ఆటంతా అదే."

కురమోచి బంతి తీసి ఆమె చేతిలో పెట్టాడు. విసిరే ధైర్యం రాలేదు.

*

మర్నాడు తరగతిలో ఆట పెట్టి చూశారు. బోర్డువాళ్ళు వచ్చే పాఠాన్ని ముందుగా ఒకటికి రెండుసార్లు నడిపించి చూసుకోవడం ఏ బడిలోనైనా ఉన్నదే. అసలు రోజున ఏదో కొత్తగా జరుగుతున్నట్టు పిల్లలంతా ఆశ్చర్యపోతారు కూడా, పాపం, బాగా ఆశ్చర్యపోతారు.

ఆ పూట పిల్లలకి పూనకం వచ్చినట్టే ఉంది. బంతులు ఎగిరాయి, చప్పట్లు మోగాయి. రికు అనే అల్లరి పిల్లవాడు "ఐ లైక్ సండే!" అని అరిచి, "ఐ డోంట్ లైక్ మండే" అని కూడా తగిలించాడు. మారిసెల్ పడీపడీ నవ్వింది. ఆమె మెడలో ఎర్ర స్టాప్‌వాచ్ ఊగుతోంది.

నాలుగో గుంపులో బంతి కనాదే అనే పిల్ల చేతిలోకి వచ్చి ఆగింది.

"మై నేమ్ ఈజ్..."

చప్పుడు లేదు. ఆ పిల్ల గడ్డం కొద్దిగా పైకి లేచింది. పెదవులు తెరుచుకునే ఉన్నాయి. మెడ మీద నరం ఒకటి తాడులా తేలింది. కుడికాలి మడమ నేలను తడుతోంది, ఒకటి, రెండు, ఒకటి, రెండు, ఆ దెబ్బ ఊతంతో మాట బయటకు వస్తుందేమోనని. అది చూసి కురమోచికి ఒళ్ళు చల్లబడింది. బూటులో అతని బొటనవేలు చిన్నప్పటినుంచీ చేస్తున్న పని అదే.

అతనికి ముందే తెలుసు. బడి తెరిచిన మొదటి రోజే తెలిసింది. విడిగా నోరు విప్పని పిల్ల, అందరూ కలిసి చదివేటప్పుడు అందరికన్నా గట్టిగా, సంతోషంగా చదివింది. ఆ గొంతు విని పుస్తకం వెనక తల దించుకున్నాడు. ఆ తర్వాత ఒక్కరోజు కూడా ఆమెను పేరు పెట్టి లేపి చదవమనలేదు. దాన్ని దయ అనుకున్నాడు.

"క... క..."

మిగతా గుంపులు ముగించేశాయి. తరగతి సద్దుమణిగింది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే కోప్పడేవాడు, కనీసం ఆ పనైనా ఉండేది. అందరూ మర్యాదగా కాళ్ళవైపు చూసుకున్నారు.

కనాదే అతనివైపు చూసింది. ఏదో ఒకటి చేయమని అడిగే చూపు. కురమోచి బోర్డు తుడిచే గుడ్డ తీసుకుని, శుభ్రంగా ఉన్న బోర్డును తుడిచాడు.

"మాస్టారూ, ఒక ప్రతిపాదన." చెయ్యెత్తింది మిజుహో. నాలుగో గుంపు నాయకురాలు. తెలివైంది, మంచి పిల్ల, గుంపులో ఎవరి పెన్సిల్ ముక్కు విరిగినా తనది ఇచ్చే రకం. "మా గుంపులో మాట్లాడుకున్నాం. కనాదే-సాన్ పేరు నేను చెప్తాను. ఆమె పేరు రాసిన కార్డు పైకి పట్టుకుంటుంది, చప్పట్లు కొడుతుంది. అప్పుడు ఆమెకీ ఇబ్బంది ఉండదు, గుంపుకీ ఆలస్యం కాదు. కనాదే-సాన్, నీకు సరేనా?"

కనాదే తల ఊపింది. పదిమంది చూస్తుండగా ఇంకేం చేస్తుంది?

"ఇష్టమైనది ఏం చెప్పను? కర్రీ రైస్ అనేద్దామా? అదైతే అందరికీ ఇష్టమే కదా."

మళ్ళీ తల ఊపింది.

తరగతి అంతా చప్పట్లు కొట్టింది. అందరూ కురమోచి మొహంలోకి చూశారు. కాదనడానికి ఒక్క మాట చాలు. ఆ మాట అంటే, ఎందుకు కాదో చెప్పాలి. ఎందుకో చెప్పాలంటే తన గొంతు విప్పి చూపించాలి. మాట్లాడలేనివాడు మా పిల్లలకేం నేర్పుతాడని తల్లులు అనరూ? తరగతి తీసేసి ఆఫీసులో కాగితాల ముందు కూర్చోబెట్టరూ?

"మంచి ఆలోచన," అన్నాడు. "గుంపంటే... ఇలాగే ఉండాలి."

పిల్లలు వెళ్ళాక మారిసెల్ బంతులు సంచిలో వేసుకుంటూ అంది: "అదేం ఆట మాస్టారూ? ఆ పిల్ల చేతిలో బంతి ఉంది, పేరు ఇంకొకరి నోట్లో ఉంది."

"నలుగురిలో నిలబెట్టి ఏడిపించమంటారా?"

"నేనలా అన్నానా? టైము ఇద్దాం అంటున్నా."

"టైము ఇస్తే ఇంకా నలుగుతుంది. మీకు తెలీదు."

"మీకు తెలుసా?"

ఊరికే అడిగిందో, కావాలని అడిగిందో తెలియలేదు. కురమోచి కిటికీలు వేయడానికి వెళ్ళాడు. ఒక్కో కిటికీ గొళ్ళెం రెండేసి సార్లు చూసుకున్నాడు.

*

ఆ మర్నాడు కనాదే తరగతిలోకి రాలేదు. కడుపునొప్పని నర్సు గదిలో పడుకుంది. ఆ తర్వాతి రోజూ అంతే. మిజుహో భోజనం పళ్ళెం పట్టుకెళ్ళి ఇచ్చి వచ్చి, "సూప్ తాగింది మాస్టారూ, బ్రెడ్ వదిలేసింది," అని చెప్పింది. ఆ పిల్ల మొహంలో దిగులు నిజమైనదే. తను చేసిన మేలు ఎక్కడ బెడిసిందో దానికి అర్థం కావడం లేదు. దానికి చెప్పాల్సినవాడు చెప్పలేదు మరి.

కురమోచి నర్సు గదికి వెళ్ళాడు. జ్వరం లేదని నర్సు తల అడ్డంగా ఊపింది. తెల్ల పరదా వెనక మంచం. పరదా కింద రెండు చిన్న బూట్లు ఒకదానికొకటి ఆనించి పెట్టి ఉన్నాయి. అవతల ఊపిరి చప్పుడు ఆగింది. తను వచ్చినట్టు ఆ పిల్లకు తెలిసిపోయింది. నాకూ అంతేనమ్మా, అనాలి. రెండే మాటలు. రెండూ తేలిక మాటలే, ఏ ఒక్కటీ గొంతులో పడేది కాదు. పరదా అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"తొందరగా తగ్గించుకో," అన్నాడు.

అక్కడినుంచి బయటపడి, నడవలో గోడకు ఆనుకుని, తనని తాను తిట్టుకున్నాడు. నోటికి అడ్డం లేని మాట కూడా చెప్పలేకపోయాడంటే, అడ్డం నోట్లో లేదన్నమాట.

ఒగిహారా సంగతి తెలుసుకుని గొంతు తగ్గించి అంది: "పరిశీలన రోజు కూడా ఆ పాప అక్కడే ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు కదా మాస్టారూ? బలవంతం చేయకండి. ఒంట్లో బాగాలేని పిల్ల."

అందరూ ఎంత మంచివాళ్ళు! ఎవరికి వాళ్ళు ఆ పిల్లను మెత్తగా, చేతులు వేసి, తలుపు అవతలికి నెడుతున్నారు. వాళ్ళకి తెలియక చేస్తున్నారు. తెలిసి చేస్తున్నవాడు తనొక్కడే.

సాయంత్రం ఇంటికి వెళ్ళకుండా కారు రేవు గోడ పక్కన ఆపాడు. అక్కడ డబ్బులు వేస్తే డబ్బా పడే యంత్రం ఉంది. వేడి కాఫీ డబ్బా ఒకటి తీసుకున్నాడు. కాఫీ అంటే అతనికి ప్రాణం. ఆ సంగతి భార్యకి కూడా తెలియదు. హోటల్లో కాఫీ అడగబోతే మొదటి అక్షరమే గొంతుకు అడ్డం పడుతుంది. అందుకని చిన్నప్పటినుంచీ టీ అడిగాడు. ఎక్కడికి వెళ్ళినా టీ. స్టాఫ్‌రూములో అతనికి అడక్కుండానే టీ పోస్తారు, మాస్టారుకి టీ ఇష్టమని. నాలుకకి నచ్చినవి కాదు, నాలుక మీదికి వచ్చినవి తింటూ తాగుతూ యాభై దాటాడు. యంత్రం మాత్రం ఏమీ అడగదు. మీట నొక్కితే ఇస్తుంది.

కారు అద్దాలు ఎత్తి, ముందు అద్దంతో అన్నాడు: "మై నేమ్ ఈజ్ కురమోచి."

నూనె రాసినట్టు జారి వచ్చింది. మళ్ళీ అన్నాడు. మళ్ళీ వచ్చింది. పాడినట్టు అన్నాడు, గొణిగినట్టు అన్నాడు, అరిచాడు. ఒక్కసారి కూడా ఆగలేదు. ఎవరూ లేనిచోట అతనంతటి వక్త లేడు. గట్టు మీద వలలు మడుస్తున్న ముసలాయన తల తిప్పి కారులోకి చూశాడు, అంతే. "మై నేమ్ ఈజ్..." తలుపు పడిపోయింది. కురమోచి స్టీరింగ్ మీద నుదురు ఆనించి ఉండిపోయాడు. ఈ నోటితో బోర్డువాళ్ళ ముందు నిలబడాలి. కుడితిలో పడ్డ ఎలుక ఇంతకన్నా నయం, దాని పేరు దాన్నెవరూ చెప్పమనరు.

మర్నాడు మారిసెల్‌ని నడవలో పట్టుకున్నాడు.

"గొంతు బాగాలేదు. మనం చేసి చూపించే దగ్గర... నా పేరు మీరే చెప్పేస్తారా?"

ఆమె అతని మొహంలోకి చూసింది.

"గొంతా మాస్టారూ?"

"ఆఁ."

"సరే. దిస్ ఈజ్ కురమోచి మాస్టారు, అంటాను. మీరు బంతి పట్టుకుని పిల్లలకి విసరండి చాలు. ఏమిష్టమని చెప్పను?"

"టీ అనండి."

ఆమె తల ఊపి వెళ్ళిపోయింది. గండం గడిచినందుకు కురమోచి తేలికపడ్డాడు. ఆ తేలిక కూడా అతనికి సిగ్గుగానే ఉంది. అయినా ఆ పూట అన్నం సహించింది.

*

పరిశీలన రోజు పొద్దున కనాదే తరగతిలోకి వచ్చింది. వాళ్ళమ్మ పంపించిందో, తనే వచ్చిందో. ఎవరితోనూ మాట్లాడకుండా తన బల్ల దగ్గర కూర్చుని, మిజుహో ఇచ్చిన కార్డును రెండు చేతులా పట్టుకుంది. కార్డు చుట్టూ పువ్వులు వేసి, మధ్యలో కనాదే అని ఇంగ్లీషులో మిజుహో అందంగా రాసిపెట్టింది.

మూడో పీరియడ్. తరగతి వెనక గోడ పొడుగునా నల్ల కోట్లు, చేతుల్లో అట్టలు, కలాలు. బోర్డు నుంచి వచ్చిన పెద్దమనిషి నెరిసిన కనుబొమ్మలవాడు, మధ్యలో నిలబడ్డాడు. పక్కనే ఒగిహారా, పెళ్ళికూతురి తల్లిలా కంగారుగా నవ్వుతూ.

"హలో ఎవ్రీవన్! ఐ యామ్ మారిసెల్. ఐ లైక్ డాన్సింగ్!" మారిసెల్ ఒక చుట్టు తిరిగింది. పిల్లలు మొదటిసారి చూసినట్టే కేరింతలు కొట్టారు. "అండ్ దిస్ ఈజ్ కురమోచి మాస్టారు. హి లైక్స్ టీ!"

చప్పట్లు, బంతి. కురమోచి పట్టుకుని నవ్వి విసిరేశాడు. అంతే, అయిపోయింది. వెనక కలాలు కదిలాయి. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

ఆట మొదలైంది. గుంపులు గుండ్రంగా నిలబడ్డాయి, బంతులు ఎగిరాయి. కురమోచి నాలుగో గుంపు దగ్గరికి వెళ్ళకూడదనుకుంటూనే వెళ్ళాడు. బంతి ఒకరి చేతినుంచి ఒకరికి మారి కనాదే చేతుల్లో పడింది. ఆ పిల్ల బంతిని చంకలో ఇరికించుకుని కార్డు పైకి ఎత్తింది.

"హర్ నేమ్ ఈజ్ కనాదే! షీ లైక్స్ కర్రీ!" మిజుహో గలగలా చెప్పేసింది.

కనాదే చప్పట్లు కొట్టింది. రెండు. మొహం మీద నవ్వు లేదు, ఏడుపు లేదు, ఏమీ లేదు. అద్దెకిచ్చిన ఇంట్లోంచి మనిషి వెళ్ళిపోతే తలుపులు ఎలా ఉంటాయో అలా ఉంది.

నాలుగో గుంపు గెలిచింది. పిల్లలు ఎగిరి గంతులేశారు. "ఎంత ఆత్మీయంగా ఉంది తరగతి!" అంది గోడ దగ్గర ఎవరో ఆడమనిషి. నెరిసిన కనుబొమ్మలాయన తల పంకించాడు. ఒగిహారా మొహం వెలిగిపోయింది.

షీ లైక్స్ కర్రీ. హి లైక్స్ టీ. ఆ పిల్లకి కర్రీ ఇష్టమో కాదో ఈ గదిలో ఎవరికీ తెలియదు, ఇకమీదట ఎవరూ అడగరు కూడా. యాభై దాటేదాకా అందరూ దానికి కర్రీ వడ్డిస్తూనే ఉంటారు. కురమోచికి కోపం తన్నుకొచ్చింది. ఎవరి మీదో కాదు.

మారిసెల్ ముగింపు మాట మొదలుపెట్టబోతోంది. అతను చెయ్యి చాచాడు.

"బంతి ఇటివ్వండి. ఇంకొకరు మిగిలారు."

ఆమె ఆగిపోయింది. మెల్లగా, విసరకుండా, దగ్గరకొచ్చి చేతిలో పెట్టింది.

"మై నేమ్ ఈజ్..."

తలుపు పడింది.

తోశాడు. మెడ బిగుసుకుంది, గడ్డం దానంతటదే పైకి లేచింది. బూటులో బొటనవేలు నేలను తొక్కుతోంది. రికు కిసుక్కున నవ్వాడు, మాస్టారు నాటకం ఆడుతున్నారనుకుని. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. గోడ గడియారం చప్పుడు వినిపించింది. వెనక ఎవరో దగ్గారు. ఎవరో కాగితం తిప్పారు. ఒగిహారా నేలకేసి చూస్తోంది. ఇన్నేళ్ళుగా ఈ క్షణం కోసమే అతను భయపడుతూ వచ్చాడు. వచ్చేసింది. అనుకున్నదానికన్నా ఘోరంగానే ఉంది.

మిజుహో తట్టుకోలేకపోయింది. మంచి పిల్ల కదా.

"మాస్టారుకి సాయం చేద్దాం! అందరూ కలిసి చెప్పండి, కు, ర..."

పిల్లలు అందుకున్నారు. ఇరవై పాతిక గొంతులు, తను నేర్పిన ఒకే గొంతు, వెచ్చగా, బారులు తీరి వచ్చింది. అందులోకి జారిపోతే చాలు. వాళ్ళతో పాటు పెదవి కలిపితే తలుపు ఉండదు, మాట వచ్చేస్తుంది, ఇదంతా ఆటలో భాగమేనని పెద్దలు చప్పట్లు కొడతారు. నోరు దానంతటదే ఆ గొంతులకేసి కదిలింది.

కురమోచి అరచేయి ఎత్తాడు. వద్దు.

పిల్లలు ఒక్కొక్కరే ఆగిపోయారు. నిశ్శబ్దం మళ్ళీ కమ్ముకుంది, అతను దాని మధ్యలో ఒంటరిగా నిలబడి, అందరి కళ్ళెదుటా, వికారంగా, మెడ నరాలు ఉబ్బి, తోస్తూనే ఉన్నాడు.

"కు... కు... కురమోచి."

ఊపిరి పీల్చుకున్నాడు. చెమట చెవి పక్కనుంచి కారింది.

"ఐ లైక్... క... కాఫీ."

మారిసెల్ చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నెరిసిన కనుబొమ్మలాయన రాస్తున్న కలం ఆపి, దాన్నే చూస్తున్నాడు. కురమోచి నాలుగో గుంపు వైపు చూశాడు. కనాదే అతనివైపే చూస్తోంది. ఆ చూపులో మెచ్చుకోలు లేదు. అదేమిటో అతనికి అర్థమయ్యేలోగా గంట కొట్టారు.

*

పాఠం మీద పెద్దలు చర్చించే మీటింగు సాయంత్రం. అందులో ఏమంటారో, వచ్చే నెల తరగతి ఉంటుందో ఉండదో తెలియదు. నడవలో ఒగిహారా ఎదురుపడింది. "అయితే మాస్టారూ, ఆ మొక్కలు కుళ్ళిపోయింది అందుకా?" అంది. ఆమె కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. అతను తల ఊపాడు. "కాస్త ముందు చెప్పాల్సింది," అని వెళ్ళిపోయింది. మందలింపో జాలో తేల్చుకునే ఓపిక అతనికి లేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లలు తమ బడిని తామే ఊడ్చుకునే వేళ. ఈ వారం నాలుగో గుంపుది మేడ మెట్ల పక్క నడవ. పిల్లలు తలకి గుడ్డలు కట్టుకుని, తడిబట్ట రెండు చేతులా నేలకి నొక్కిపెట్టి, వంగి, ఈ కొసనుంచి ఆ కొసకి పరుగులు పెడుతున్నారు. కురమోచి కూడా చొక్కా చేతులు మడిచి, ఒక బట్ట తీసుకుని మోకాళ్ళ మీద కూర్చుని గోడ అంచులు తుడుస్తున్నాడు. పిల్లలు అతనికి కాస్త దూరంగా తిరుగుతున్నారు. మిజుహో రెండుసార్లు దగ్గరదాకా వచ్చి వెనక్కి పోయింది. దానికీ చెప్పాలి, నీ తప్పు కాదమ్మా అని. ఆ మంచితనాన్ని తప్పుదారి పట్టించింది నేనే అని.

పక్కన బకెట్ చప్పుడైంది. కనాదే కూర్చుని బట్ట ముంచింది. మిగతావాళ్ళు నడవ ఆ చివర ఉన్నారు.

"మా... మాస్టారూ."

అతను తుడవడం ఆపాడు.

"మీ... మీకూ ఉంది కదా."

"ఉంది."

"అయితే... తె... తె..."

గడ్డం పైకి లేచింది. మడమ నేలను తట్టసాగింది. ఆ వాక్యం ఎక్కడికి పోతుందో కురమోచికి ఆ ఒక్క అక్షరంతోనే తెలిసిపోయింది. దాన్ని అందుకుని ముగించడం ఎంత తేలిక! ఆ పిల్లని ఆ బాధలోంచి లాగేయవచ్చు, తనూ ఆ ప్రశ్న ఆమె నోట వినే బాధ తప్పించుకోవచ్చు. మెట్ల మీద ఎవరో పరుగెత్తుకుంటూ దిగిపోయారు. అతను బట్ట కింద పెట్టి, కదలకుండా, ఆమె మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు.

"తె... తెలిసీ, నా పేరు మి... మిజుహోకి ఎందుకిచ్చేశారు?"

అడిగేసింది. చెంపలు ఎర్రగా కందిపోయాయి. కళ్ళు మాత్రం తిప్పలేదు. పొద్దున తరగతిలో చూసిన చూపు అదే. అప్పుడు అర్థం కానిది ఇప్పుడు అర్థమైంది. ఆ పిల్ల తనమీద కోపంగా ఉంది. ఉండాలి కూడా.

సమాధానాలు బారులు తీరాయి. టైము చాలలేదు. నిన్ను బాధపెట్టకూడదని. మిజుహో మంచి మనసుతో అడిగిందని. అన్నీ నున్నటివి, ఎక్కడా ఆగనివి, ఎన్నేళ్ళుగానో నాలుక కింద అరగదీసి పెట్టుకున్నవి. కురమోచి వాటిని ఒక్కొక్కటే పక్కకి నెట్టాడు. మిగిలింది ఒకే మాట. దానికి మారు మాట లేదు.

"భ..."

తలుపు పడింది. తోశాడు.

"భ... భ..."

కనాదే చూస్తోంది. ఆ మాటేమిటో ఆ పిల్లకి తెలియక కాదు, దానికన్నా బాగా ఎవరికి తెలుసు? అయినా అందివ్వలేదు. బకెట్లోంచి బట్ట తీసి, రెండు చేతులా మెలిపెట్టి, నీళ్ళు కారుతుంటే పిండుతూ, అతను చెప్పేదాకా ఆగింది.